చేతికి ముందు నోరు

జూబిలీ హిల్స్‌లో ఒక మేడమీద ప్రతి ఆదివారం సాయంత్రం మేము పదిమందిమి గుండ్రంగా కూర్చుని జెంబే వాయిస్తాము. మొదటిరోజు నా ప్రక్కనున్న పెద్దాయన "మీ ఇంట్లో ఎవరైనా వాయిస్తారా బాబూ?" అని అడిగారు. "లేదండీ" అన్నాను. అబద్ధం. మా నాయిన డప్పు కొట్టేవాడు. ఊళ్ళో పెళ్ళికైనా చావుకైనా ఆయన వెళ్ళవలసిందే. ఆ మాట ఆ మేడమీద చెప్పటానికి నాకు నోరు రాలేదు.

జెంబే పశ్చిమాఫ్రికాలోని గినీ, మాలీ ప్రాంతాల వాద్యము. ఒకే మ్రానును తొలిచి, పైన మేకతోలు మూసి, త్రాళ్ళతో బిగిస్తారు. వట్టి చేతులతో వాయించాలి. ముఖ్యమైన ధ్వనులు మూడే. అరచేయి నడిమధ్యన పడితే బరువైన బాస్. వేళ్ళు దగ్గరగా చేర్చి అంచున కొడితే టోన్. అదే అంచున వేళ్ళు వదులుగా విడిచి చరిస్తే చురుక్కుమనే స్లాప్. క్రొత్తవాళ్ళందరూ చేసే తప్పే నేనూ చేశాను, బలంకొద్దీ బాదాను. చేయి తోలుమీద నిలిచిపోతే నాదం అక్కడే చస్తుంది. బంతిలాగా వెనక్కి ఎగరాలి.

అయితే చేతికంటే ముందు నోరు నేర్చుకోవాలి. నైజీరియాకు చెందిన బాబాతుండె ఓలాతుంజీ అమెరికాలో నేర్పేటప్పుడు బాస్‌కు గున్-దున్, టోన్‌కు గో-దో, స్లాప్‌కు పా-తా అని పలికించేవారు. మన మృదంగం గురువులు జతులు చెప్పించటం కూడ ఇదే గదా!

మిత్రులు ఇప్పుడే ఒకటి చేసి చూడండి. "తకిట తకిట" అని ఆరక్షరాలు సమంగా పలుకుతూ, రెండు "త"లమీద కాలు తట్టండి. అది రెండు. ఇప్పుడు అక్షరం విడిచి అక్షరానికి, అంటే మొదటి త, మొదటి ట, రెండో కి మీద చప్పట్లు కొట్టండి. అది మూడు. మూడూ రెండూ ఏకకాలంలో నడవటమే ఆఫ్రికా లయలకు ఆయువుపట్టు. నాకు మూడు వారాలు పట్టింది. ప్రక్కవాణ్ణి వింటే నాది పోయేది, వినకపోతే అందరిదీ పోయేది.

ఈ లయలు మనకు పరాయివి అనుకోనక్కరలేదు. నిజాముల ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరు మీదనే ఏ.సి. గార్డ్స్ అనే పేట ఏర్పడింది. పోలీసు చర్య తరువాత ఆ దళం పోయింది, సిద్దీలు మిగిలారు. సిద్దీలు, అరబ్బులు వాయించే మర్ఫా హైదరాబాదు పెళ్ళి ఊరేగింపులన్నిటికీ ప్రాకింది. తీన్‌మార్ అంటే మూడు దెబ్బలే.

ఒక ఆషాఢంలో ఫిలింనగర్ బస్తీలో బోనాలు. స్టూడియోలకు వెళ్ళే దారి మీదనే తీన్‌మార్, దాని వెనుక డప్పులు. ఆ సాయంత్రం ముసురు. పైన మేడమీద మా జెంబేల తోళ్ళు చెమ్మకు సాగి, స్లాప్ కొడితే తడిసిన అట్టమీద కొట్టినట్లు బొద్దుగా పలుకుతున్నది. క్రింద డప్పులు మాత్రం ఖణేల్మంటున్నాయి. మావాళ్ళంతా పిట్టగోడ దగ్గర చేరి, అదెలా సాధ్యమని ఒకరినొకరు అడుగుతున్నారు. నాకు తెలుసు. చిన్నప్పుడు గడ్డి ఏరి తెచ్చి మంట వేసింది నేనే.

"మంటకు కాస్తారండీ. మా నాయిన కూడ అట్లాగే కాచేవాడు" అన్నాను.

పెద్దాయన నా వంక చూసి, "మరి లేదన్నావు?" అన్నారు. ఏమీ చెప్పలేకపోయాను. తరువాతి వారం డప్పు దెబ్బ ఒకటి నేర్పమన్నారు. నాకు ఒక్కటీ రాదు.

ఆ రాత్రి ఊరికి ఫోను చేశాను. నాయిన కాసేపు పలకలేదు. "గిప్పుడెందుకురా గది?" అన్నాడు. తరువాత ఫోనులోనే నోటితో డండనక పట్టి, కుడిచేతి సిర్ర ఎక్కడ పడాలో, ఎడమచేతి సిటికెన పుల్ల ఎక్కడ ఆగాలో చెప్పాడు. మధ్యలో నేను తప్పు పలికితే నవ్వి, మొదటినుంచి అనమన్నాడు. పదకొండు గంటలదాకా అన్నాను.