బెల్లము కలిపిన పండుగలు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల పల్లెలలో ఉగాదికిని, పీర్లపండుగకును బెల్లము కావలయును.

ఉగాదినాటికి వేప పూయును; మామిడి కాయ కట్టును. ఆ పువ్వును, ఆ కాయను క్రొత్త చింతపండుతో, బెల్లముతో కలిపి పచ్చడి చేయుదురు. చాంద్రమాన సంవత్సరము సౌరమానముకంటె సుమారు 11 రోజులు తక్కువ. అధికమాసము ఆ లోటు తీర్చును గనుక ఉగాది వసంతమును విడువదు. ఇరానీయుల నౌరోజు కూడ వసంతముననే వచ్చును. వారు మొలకెత్తిన గోధుమలను ఇంట నుంచుదురు.

హిజరీ గణనలో అధికమాసము లేదు. కావున మొహర్రము సుమారు 33 ఏండ్లలో ఋతువులన్నిటిని చుట్టివచ్చును. క్రీ.శ. 680లో కర్బలాయందు ఇమాము హుసేను, ఆయన అనుచరులు నీరు దొరకక దప్పిగొని, పోరాడి మరణించిరి. ఆ దప్పిని తలచి పీర్లపండుగనాడు పానకము పంచుదురు. పట్టువస్త్రములతో అలంకరించిన పీర్లకు హిందువులును బెల్లము తెచ్చి చదివింపులు చేయింతురు. ఆ బెల్లమును పిల్లలందరు పంచుకొందురు.

పచ్చడికి వేపపువ్వును ఋతువే తెచ్చును. పీర్లచావడికి బెల్లమును ఇరుగుపొరుగువారు తేవలయును. వారు తెచ్చినంతకాలము ఆ చావడి ఊరందరిదియు.