మన మెట్ట ఊళ్లలో మెటల్ గిటార్ మోత: చిట్కాలు

హెవీ మెటల్ మోత రావడం లేదని బెజవాడ బస్సెక్కి కొత్త పెడల్ కొనబోతున్నారా? జగ్గయ్యపేటలోనైనా నందిగామలోనైనా ముందు ఇంట్లోనే ఇవి చేసి చూడండి.

1. మొదట ఎర్తింగ్. పాత ఇళ్లలో సాకెట్‌కు మూడో రంధ్రం ఉంటుంది, వెనక వైరు ఉండదు. నందిగామలో మేమున్న అద్దె ఇంట్లో తీగల మీద చెయ్యి వేస్తే వేళ్లు జివ్వుమనేవి, యాంప్ ఒకటే హోరు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే ఎర్తింగ్ గుంత ఎండి బీటలు వారి ఉంది. ఉప్పు, బొగ్గు వేయించి రెండు బిందెల నీళ్లు పోశాక జివ్వుమనడం ఆగింది, హోరు బాగా తగ్గింది. ఎండాకాలమంతా ఆ గుంత తడుపుతూ ఉండండి. హోరు పోతుందని ఎవరు చెప్పినా ప్లగ్గు మూడో పిన్ను మాత్రం తీసేయకండి, ప్రాణం మీదికి వస్తుంది.

2. గెయిన్ పెంచితే ఫ్యాన్ రెగ్యులేటర్ రొద కూడా పెరుగుతుంది. వాయించేటప్పుడు ఫ్యాన్ ఆపండి, లేదా పూర్తి స్పీడులో పెట్టండి.

3. బ్రిడ్జి వైపు హంబకర్ పికప్ వాడండి. అందులోని రెండు చుట్టలు కరెంటు హోరును ఒకదానిది ఒకటి కొట్టేస్తాయి.

4. నాబ్‌లు పదికి లెక్కేస్తే గెయిన్ 6, బాస్ 5, మిడ్ 5, ట్రెబుల్ 6 దగ్గర మొదలుపెట్టండి. చాలామంది మిడ్ సున్నాకు దించేస్తారు. గదిలో ఒక్కరే వాయిస్తే అది భయంకరంగా, గొప్పగా ఉంటుంది. డ్రమ్స్, బాస్ గిటార్ కలిశాయంటే మీ గిటార్ ఎక్కడుందో వినపడదు. గిటార్ గొంతు ఉండేదే మిడ్‌లో. గెయిన్ కూడా అంతే, ఎక్కువైతే దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉండాల్సిన ఖాళీ పూడిపోయి ముద్దవుతుంది.

5. ట్యూబ్ స్క్రీమర్ లాంటి పెడల్ ఉంటే డ్రైవ్ సున్నా, లెవెల్ పూర్తిగా పెట్టి యాంప్ ముందు కలపండి. అడుగున గుబగుబ తగ్గి మోత బిగుస్తుంది.

6. అసలు మోత కుడిచేతిలో ఉంది. అరచేతి అంచు బ్రిడ్జి మీద, తీగ మొదలయ్యే చోట ఆనించి, మందపాటి పిక్‌తో కిందికే కొట్టండి. చెయ్యి పావు అంగుళం ముందుకు జరిగితే స్వరం చచ్చిపోతుంది, వెనక్కి జరిగితే తీగ మోగుతూనే ఉంటుంది. ఆ చోటు దొరికేదాకా గెయిన్ ముట్టుకోకండి.

7. బరువు కావాలంటే ఆరో తీగను ఒక స్వరం దించి డి చేయండి. బర్మింగ్‌హామ్ ఇనుపరేకుల ఫ్యాక్టరీలో రెండు వేళ్ల కొనలు తెగిన హెవీ మెటల్ గిటారిస్టు టోనీ అయోమీ, ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకుని వాయించాడు. వేళ్లకు తేలికగా ఉండాలని 1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' ఆల్బమ్‌లో కొన్ని పాటలకు తీగలన్నీ ఒకటిన్నర స్వరం దించాడు. సిమెంటు ఫ్యాక్టరీ షిఫ్టులు ఎరిగిన జగ్గయ్యపేట పిల్లలకు ఈ మనిషి దగ్గరివాడే అనిపిస్తాడు. తీగ దించితే వదులవుతుంది, కాబట్టి లావు తీగలు వేయండి.

8. వాయించాక పొడి నూలుగుడ్డతో తీగలు తుడవండి. మన చెమటకు తుప్పు త్వరగా పడుతుంది, తుప్పు తీగకు మోత ఉండదు.

9. రాత్రిపూట పెడల్‌ను నేరుగా ఇయర్‌ఫోన్‌కు కలిపితే చెవిలో దోమ దూరినట్టుంటుంది. గిటార్ స్పీకర్ పై కీచును కోసేస్తుంది, ఇక్కడ ఆ స్పీకరే లేదు. ఫోన్‌లో క్యాబినెట్ సిమ్యులేషన్ ఉన్న యాప్ గుండా పంపించండి, దోమ పోతుంది.