తాళంచెవి పెట్టెలోనే ఉండిపోతే?

వేసవి మధ్యాహ్నం. ఒక లినక్స్ కంప్యూటర్ కొత్త కెర్నెల్‌ను దించుకుని అమర్చుకుంటోంది. పని సగంలో ఉండగా కరెంటు పోయింది. సాయంత్రం కరెంటు వచ్చాక స్విచ్ వేస్తే, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వరసలు వరసలుగా పరుగెత్తి 'కెర్నెల్ పానిక్' అనే మాట దగ్గర ఆగిపోయాయి. పానిక్ అంటే గాభరా. కంప్యూటర్ సంగతి ఏమోగాని, చూసేవాళ్ళకు మాత్రం గాభరా పుట్టక మానదు.

ఇలాంటప్పుడు చాలామంది 'ఇది పాడైపోయింది, డిస్క్ మొత్తం చెరిపి మళ్ళీ లినక్స్ ఎక్కిద్దాం' అనుకుంటారు. ఒకప్పుడు నేనూ అదే చేశాను. స్కాన్ చేసి దాచుకున్న మా ఇంటి పాత ఫోటోలన్నీ పోయాయి. ఆ రోజు ఫోటోలు డిస్క్‌లో క్షేమంగానే ఉన్నాయనీ, చెడింది ఒకే ఒక్క ఫైలనీ తరువాత తెలిసింది. తెలిసి ఏం లాభం?

ఆ ఒక్క ఫైలు ఏమిటో తెలియాలంటే, అసలు కంప్యూటర్ ఎలా లేస్తుందో చూడాలి. దాని మెమరీ కరెంటు ఉన్నంతసేపే పనిచేస్తుంది. స్విచ్ వేసిన క్షణంలో అది తుడిచిన పలక. లినక్స్ అంతా డిస్క్ మీద ఉంది. దాన్ని చదివి మెమరీలోకి తేవడానికి ఒక ప్రోగ్రామ్ కావాలి. మరి ఆ ప్రోగ్రామ్‌ను ఎవరు తేవాలి? తన బూట్ల పట్టీలు పట్టుకుని తానే పైకి లేవడం అని ఇంగ్లీషులో ఒక నానుడి ఉంది. ఈ పనికి 'బూట్' అనే పేరు అక్కడి నుంచే వచ్చింది.

దీనికి ఇంజనీర్లు చేసిన ఏర్పాటు రిలే పరుగు పందెం లాంటిది. మొదట పరుగెత్తేది మదర్‌బోర్డు మీద చిప్‌లో ఎప్పుడూ ఉండే ఫర్మ్‌వేర్. పాత యంత్రాలలో దీని పేరు బయాస్, కొత్తవాటిలో యుఇఎఫ్ఐ. పాత బయాస్ డిస్క్‌లోని మొదటి 512 బైట్లను మాత్రమే చదివేది. అంత చోటులో తెలుగు రాస్తే నాలుగు వరసలు కూడా పట్టవు! కర్రను తరువాత అందుకునేది గ్రబ్. ఏ కెర్నెల్‌తో లేవాలో పట్టిక చూపించి, దాన్ని మెమరీలోకి ఎక్కించేది ఇదే. కెర్నెల్ అంటే గింజలోని పప్పు. 1991లో ఫిన్లాండ్‌లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాయడం మొదలుపెట్టింది ఈ పప్పునే. కెర్నెల్ డిస్క్‌ను అందుకుని 1వ నంబరు ప్రోగ్రామ్‌ను నడిపిస్తుంది. మిగతావన్నీ దాని వెనుక లేస్తాయి.

తెర ఏ మాట దగ్గర ఆగిందో చూస్తే, కర్ర ఎవరి చేతిలో జారిందో తెలుస్తుంది. 'గ్రబ్ రెస్క్యూ' అని ఉంటే గ్రబ్‌కు తన మిగతా భాగాలు దొరకలేదన్నమాట. 'ఎమర్జెన్సీ మోడ్' అని ఉంటే కెర్నెల్ లేచింది, ఆ తరువాత ఎక్కడో చిక్కుపడింది. మన కంప్యూటర్ తెర మీద పానిక్ అనే మాటతో పాటు 'అన్‌నోన్ బ్లాక్ (0,0)' అని కూడా ఉంది. అసలు కథ ఈ రెండు సున్నాలలోనే ఉంది.

లినక్స్ ప్రతి డిస్క్‌నూ రెండు అంకెలతో గుర్తిస్తుంది. మామూలు సాటా డిస్క్ 8,0 అయితే, అందులోని మొదటి భాగం 8,1. ఇక 0,0 అంటే ఏ పరికరమూ లేదని అర్థం. ఎదురుగా డిస్క్ ఉన్నా కెర్నెల్‌కు కనబడలేదు! ఎందుకని? డిస్క్‌తో మాట్లాడడానికి డ్రైవర్ అనే ప్రోగ్రామ్ కావాలి. ఆ డ్రైవర్ తరచు ఆ డిస్క్ మీదే ఉంటుంది. పెట్టెకు తాళం వేశాం, తాళంచెవి పెట్టెలోనే ఉండిపోయింది. అందుకని అవసరమైన డ్రైవర్లను చిన్న మూటగా కట్టి ఉంచుతారు. కెర్నెల్‌తో పాటు గ్రబ్ ఆ మూటను కూడా మెమరీలోకి తెస్తుంది. దాని పేరు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్. కరెంటు పోయినప్పుడు కట్టడం పూర్తికానిది ఈ మూటే.

బాగుచేయడానికి సులువైన దారి ఒకటి ఉంది. ఉబుంటు, డెబియన్ వంటివి సాధారణంగా పాత కెర్నెల్‌ను, దాని మూటను తీసేయకుండా ఉంచుతాయి. స్విచ్ వేయగానే ఎస్కేప్ మీటగాని, పాత యంత్రాలలో షిఫ్ట్ మీటగాని నొక్కితే గ్రబ్ పట్టిక వస్తుంది. అందులో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' తెరిచి పాత కెర్నెల్‌ను ఎన్నుకుంటే చాలాసార్లు కంప్యూటర్ లేచి కూర్చుంటుంది. అప్పుడు 'డీపీకేజీ' ప్రోగ్రామ్‌తో సగంలో ఆగిన అమరికలన్నిటినీ పూర్తిచేయిస్తే మూటా తయారవుతుంది, పట్టికా సరిపడుతుంది.

పాతదీ లేవకపోతే పెన్ డ్రైవ్ మీదికి ఎక్కించిన లినక్స్‌తో కంప్యూటర్‌ను లేపాలి. అది డిస్క్‌ను ముట్టకుండా మెమరీలోనే నడుస్తుంది. 'ఇన్‌స్టాల్' అనే మాట కనిపిస్తే మాత్రం వేలు పెట్టకండి. ముందుగా మీ ఫైళ్ళను మరో డిస్క్‌కు నకలు తీయండి. బాగుచేయడం ఆ తరువాతే. డిస్క్ టకటకమని చప్పుడు చేస్తుంటే ఈ మరమ్మతు జోలికే పోవద్దు. దానికి 'డీడీరెస్క్యూ' అనే ప్రోగ్రామ్ ఉంది. అది ముందు చదవగలిగిన భాగాలన్నీ తీసుకుని, మొండికేసిన చోట్లకు చివరలో తిరిగి వస్తుంది.

డిస్క్ బాగుందనుకుందాం. లినక్స్‌లో ఫైళ్ళన్నీ 'రూట్', అంటే వేరు, అనే ఒక్క చోటు నుంచి కొమ్మలుగా సాగుతాయి. మన డిస్క్‌లోని చెట్టును పెన్ డ్రైవ్ లినక్స్‌కు ఒక కొమ్మగా తగిలించాలి. ఇదే మౌంట్ చేయడం. దేవ్, ప్రాక్, సిస్ అనే మూడు ఫోల్డర్లను కూడా అందులో కలపాలి. ఇవి డిస్క్ మీది ఫైళ్ళు కావు, నడుస్తున్న కెర్నెల్ తన సంగతులు చూపించే కిటికీలు. ఆ తరువాత 'సీహెచ్‌రూట్' అనే ఆదేశం ఇస్తే, ఆ కొమ్మే వేరైపోతుంది. ఇక మీరు టైపు చేసే ఆదేశాలన్నీ మీ సొంత లినక్స్‌లో కూర్చుని ఇస్తున్నట్టే. మూట కట్టించి, 'అప్‌డేట్-గ్రబ్' నడిపి, బయటికి వచ్చి, పెన్ డ్రైవ్ తీసేసి స్విచ్ వేయండి. మూట కట్టేటప్పుడు చోటు లేదని మొరాయిస్తే, బూట్ అనే ఫోల్డర్ పాత కెర్నెళ్ళతో నిండిపోయిందేమో చూడండి. ఇది తరచు జరిగేదే.

చేసి చూడండి: బాగా నడుస్తున్న లినక్స్ కంప్యూటర్‌లో టెర్మినల్ తెరిచి 'ఎల్ఎస్‌బీఎల్‌కే' అనే అక్షరాలు ఇంగ్లీషులో టైపు చేయండి. ప్రతి డిస్క్ పేరు పక్కనా రెండు అంకెలు కనిపిస్తాయి. మీ యంత్రంలో మొదటి అంకె 8 ఉందా, 259 ఉందా? 259 అయితే అది ఎన్‌విఎంఇ అనే కొత్త రకం డిస్క్ అయి ఉంటుంది. ఆ అంకెలను ఒక కాగితం మీద రాసి కంప్యూటర్ దగ్గరే ఉంచండి.