చప్పుడు లేని సంగీతపు కంప్యూటరు



మన తిరుత్తణికి సంగీతము క్రొత్త కాదు. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) తమ తొలి కృతిని ఈ కొండమీదనే రచించిరని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. వారి కృతులలోని గురుగుహ ముద్ర యీ కొండపై వెలసిన సుబ్రహ్మణ్యస్వామి నామమే. 1960 ఏప్రిల్ 1వ తేదీ వరకు చిత్తూరు జిల్లాలో నుండిన యీ తాలూకా, సరిహద్దుల సవరణ వలన నాటి మదరాసు రాష్ట్రమందలి చెంగల్పట్టు జిల్లాలో చేరెను. 1997లో తిరువళ్ళూరు జిల్లాలోని భాగమయ్యెను. ఎల్లలు మాఱినను మన యిండ్లలో పాట తెలుగుననే నిలిచియున్నది. త్యాగరాజస్వామి (1767–1847) కృతులలో అధికభాగము తెలుగే గదా! తమిళసోదరులును వానిని ఎంతో భక్తితో పాడుచున్నారు.

ఇక నీ పాఠము వ్రాయుటకు కారణమైన సంగతి వినుడు. గత సంవత్సరము మా యెనిమిదవ తరగతి బాలుడొకడు ప్రార్థనాసమయమున ఒక కృతి పాడుచు "ఫలము" అనవలసినచోట "బలము" అనెను. పుస్తకము తెమ్మంటిని. పాటను తమిళాక్షరములలో వ్రాసికొనియుండెను. తమిళలిపిలో ప, ఫ, బ, భ అను నాలుగింటికిని ఒక్కటే అక్షరము. కొన్ని పుస్తకములలో ప్రక్కన 2, 3, 4 అని అంకెలు వేయుదురు గాని పిల్లవాడు వానిని విడిచివేసెను. "సరే, విని తెలిసికొందము" అని కార్యాలయములోని కంప్యూటరులో ఆ పాటను పెట్టితిమి. దాని ఫ్యాను బుస్సుమని మ్రోయుచుండెను. ముమ్మాఱు విన్నను ఆ యక్షరము వానికి తెలియలేదు. నిజము చెప్పవలెనన్న నాకును తెలియలేదు. లిపి చెప్పలేనిదానిని చెవియైన చెప్పవలెను గదా! చెవికిని అందకపోయినచో ఆ మాట మన పిల్లలకు దక్కదు. నాటినుండి చప్పుడు లేని కంప్యూటరును గూర్చి ఆలోచించి, ఈ వేసవిలో ఒకదానిని అమర్చితిని. ఆ విధానమే యీ పాఠము.

1. చప్పుడు పాటను ఎట్లు మ్రింగును?

ధ్వని తీవ్రతను డెసిబెల్లులలో కొలుతురు. రాత్రివేళ నిశ్శబ్దముగా నున్న పడకగదిలో సుమారు 30 డెసిబెల్లులును, ఇద్దఱు మాటలాడుకొనునపుడు సుమారు 60 డెసిబెల్లులును ఉండును. పెద్దధ్వని తనతో సమానమైన స్థాయిగల చిన్నధ్వనిని కప్పివేయును. ఫ్యాను హోరులో అన్ని స్థాయిల ధ్వనులును కలిసియుండును. "ఫ"లోని ఊపిరియు, శ, ష, సలలోని బుసయు గూడ అట్టి గాలిచప్పుళ్ళే. కాబట్టి హోరులో ముందుగా కలిసిపోవునవి ఇవియే. అచ్చులు నిలుచును, హల్లులు నశించును. అట్లే తంబురా తీగ మీటిన పిమ్మట క్రమముగా సన్నగిల్లు నాదముకూడ వినబడదు.

2. చప్పుడు పుట్టు చోటులు

కంప్యూటరులో చప్పుడు చేయునవి ముఖ్యముగా మూడు: ప్రాసెసరుపై తిరుగు ఫ్యాను, విద్యుత్తు నిచ్చు పెట్టెలోని ఫ్యాను, సమాచారమును దాచు హార్డుడిస్కు. హార్డుడిస్కులోని పలక నిమిషమునకు 5,400 లేక 7,200 మాఱులు తిరుగును. 7,200 అనగా సెకనునకు 120 చుట్లు. ఆ కదలిక పెట్టెకు, పెట్టెనుండి బల్లకు ప్రాకును. తంబురా తీగ ఒంటరిగా మ్రోగిన నాదము స్వల్పము. కుండ తోడైన నాదము గదినంతయు నింపును. బల్లయు డిస్కునకు అట్టి కుండయే యగును. రబ్బరు దిమ్మలు పెట్టిన ఈ ప్రాకుట తగ్గును. కదిలెడి భాగమే లేని ఎస్.ఎస్.డి. అను నిలువపరికరమును వాడినచో ఈ బాధయే యుండదు.

3. వేడి లెక్క

ఫ్యాను ఏల యున్నది? ప్రాసెసరు త్రాగిన విద్యుత్తంతయు వేడిగా మాఱును. ఆ వేడిని వెలుపలికి పంపనిచో యంత్రము చెడును. కావున చప్పుడును మాన్పవలెనన్న మొదట వేడిని తగ్గింపవలెను.

ఫ్యాను లేకుండ వేడిని గాలికి విడుచుటకు ఱెక్కలుగల అల్యూమినియపు దిమ్మను ప్రాసెసరుపై బిగింతురు. ఒక దిమ్మ వాటునకు 2 డిగ్రీల చొప్పున వేడెక్కుననుకొందము. ప్రాసెసరు 15 వాట్లు వాడిన 15 × 2 = 30 డిగ్రీలు. అయితే ఇది గదిలోని వేడిమికి పైని లెక్క. కర్తరి దినములలో మన తిరువళ్ళూరు ప్రాంతమున గది 40 డిగ్రీలైన, ప్రాసెసరు 70 డిగ్రీలగును. సాధారణముగా ప్రాసెసరులు 100 డిగ్రీల సమీపమున తమ వేగమును తామే తగ్గించుకొనును గనుక 70 క్షేమమే. అదే 65 వాట్ల ప్రాసెసరైన 130 + 40 = 170 డిగ్రీలు! అది నడువదు. చలిదేశములవారు వ్రాసిన లెక్కను మన మే నెలకు అట్లే వాడరాదని దీనివలన గ్రహింపవలెను.

పాట వినిపించుటకు గొప్ప ప్రాసెసరు అక్కఱలేదు. ఇంటెల్ వారి ఎన్100 వంటి ప్రాసెసరు 6 వాట్లకు ఉద్దేశింపబడినది. 2012లో ఇంగ్లండునందు వెలువడిన రాస్‌బెర్రీ పై వంటి అఱచేతి పలకలును ఈ పనికి చాలును.

ఇంట నున్న పాత కంప్యూటరునే వాడదలచినవారికి ఒక సూత్రము గలదు. ఫ్యాను వేగము సగమైనచో అది త్రోయు గాలియు సగమగును. చప్పుడు మాత్రము సుమారు 15 డెసిబెల్లులు తగ్గును. కావున వేగముగా తిరుగు 80 మిల్లీమీటర్ల ఫ్యానును తీసి, మెల్లగా తిరుగు 120 మిల్లీమీటర్ల ఫ్యానును అమర్చుట మేలు.

4. అమర్చు విధము

మొదట ప్రాసెసరు ముఖమును మెత్తని గుడ్డతో తుడిచి, బియ్యపుగింజంత వేడిలేపనము నుంచవలెను. రెండు లోహముల నడుమ కంటికి కనబడని గాలిసందులుండును. గాలి వేడిని బాగుగా ప్రసరింపనీయదు. ఆ సందులను నింపుటయే లేపనము పని. తరువాత దిమ్మను నాలుగు మూలల మరలతో, ఎదురెదురు మూలలను కొంచెము కొంచెముగా మార్చి మార్చి బిగింపవలెను. ఱెక్కలు నిలువుగా నుండునట్లు పెట్టె నుంచిన, వేడెక్కిన గాలి తానై పైకిపోవును; క్రిందినుండి చల్లగాలి వచ్చును.

విద్యుత్తును ల్యాపుటాపునకు వలె వెలుపలి చిన్న అడాప్టరునుండి తీసికొన్న లోపలి ఫ్యాను పని తప్పును. పాటకు ప్రత్యేకమైన డి.ఏ.సి. అను చిన్న పరికరమును వెలుపల తగిలించుట మంచిది. అంకెల రూపములోని ధ్వనిని విద్యుత్తరంగముగా మార్చునది ఇదియే. స్పీకరులలో "హుమ్" అను మంద్రనాదము వినబడిన, అది మన 50 ఆవృత్తుల విద్యుత్తు లోపలికి చొచ్చినదని తెలియవలెను. కంప్యూటరును, ఆంప్లిఫయరును ఒకే మూడుకాళ్ళ పలకకు తగిలించి, ఎర్తు సరిగా నున్నదో లేదో చూపించిన తఱచు అది మానును. తంబురా శ్రుతికి ప్రక్కన రెండవ శ్రుతి పలికిన పాట యెట్లుండునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

5. నా పొరపాటు

మొదట నేను శ్రమ తగ్గునని తలచి, పాత కంప్యూటరునే దూది పఱచిన కొయ్యపెట్టెలో పెట్టి మూసితిని. చప్పుడు తగ్గెను. నాకు సంతోషమయ్యెను. అరగంటలో కంప్యూటరు తానే ఆగిపోయెను. చప్పుడును ఆపిన దూది వేడినికూడ ఆపెనని అప్పుడు తెలిసినది. పుట్టిన చప్పుడును మూసిపెట్టుటకంటె పుట్టకుండ చూచుటయే సరియైన మార్గము.

మఱియొక హెచ్చరిక. విద్యుత్తు పెట్టెను పిల్లలు ఎన్నడును విప్పరాదు. తీగ తీసివేసినను దాని లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును.

6. పాటలను దాచుట

సి.డి.లో ఒక్కొక్క ప్రక్కకు సెకనునకు 44,100 మాఱులు ధ్వనిని కొలిచి, ప్రతి కొలతను 16 బిట్లలో వ్రాయుదురు. రెండు ప్రక్కలకు గంటకు సుమారు 63 కోట్ల 50 లక్షల బైట్లగును. ఫ్లాక్ అను పద్ధతిలో ఏమియు నష్టపడకుండ దీనిని సుమారు సగమునకు కుదింపవచ్చును. ఎం.పి.3 ఇంకను కుదించును గాని, చెవికి అక్కఱలేదని తలచిన భాగమును తీసివేయును. మన పని అక్షరమును వినుట గనుక ఫ్లాకే మేలు.

పాత రికార్డులను ఎక్కించునపుడు చట్టమును మఱువరాదు. మన దేశమున ధ్వనిముద్రణపై హక్కు, ప్రచురించిన మఱుసటి సంవత్సరారంభమునుండి 60 ఏండ్లు ఉండును.

ఇక ముఖ్యమైన నియమము: ప్రతి పాట పేరును, రాగమును, తాళమును, వాగ్గేయకారుని పేరును తెలుగులిపిలోనే వ్రాయవలెను. యూనికోడులో తెలుగు 1991నుండియు గలదు. కంప్యూటరు దానిని చక్కగా చదువును. పాట కావలసిన బాలుడు ముందు దాని పేరు చదువవలెను. తమిళము మనము నివసించు సీమయొక్క భాష. దానిని శ్రద్ధగా నేర్వవలసినదే. అయితే అది మన తెలుగక్షరములు మఱచుటకు కారణము కారాదు.

యంత్రము సిద్ధమైన రాత్రి ఆ బాలుని, వాని తండ్రిని మా యింటికి పిలిచితిని. రేణిగుంట వైపు గూడ్సుబండి పోవువఱకు ఆగి పాటను పెట్టితిని. గదిలో తంబురా తప్ప వేఱు చప్పుడు లేదు. ఆ చరణము వచ్చినపుడు బాలుడు తల యెత్తి, "ఫలమేనండీ, ఊపిరి వినబడుచున్నది" అనెను. తరువాత వాడు తన పుస్తకములో తమిళాక్షరముల క్రింద ఆ మాటను తెలుగులో వ్రాసికొనెను. మిగిలిన పాటను గూడ అట్లే వ్రాసి తెమ్మని చెప్పితిని, వారములో తెచ్చెను. మూడు తప్పులు మాత్రమే యుండెను.

అభ్యాసము

1. 10 వాట్ల ప్రాసెసరునకు పై దిమ్మనే అమర్చిన, 38 డిగ్రీల గదిలో అది ఎన్ని డిగ్రీలగును?

2. దూదిపెట్టెలో కంప్యూటరు ఏల ఆగిపోయెను?

3. తంబురా కుండకును, హార్డుడిస్కు క్రింది బల్లకును గల పోలిక యేమి?

4. మీ యింట పెద్దలు పాడు ఒక పాటను విని తెలుగులిపిలో వ్రాయుడు. ప, ఫ, బ, భలు వచ్చిన మాటల క్రింద గీత గీయుడు.