దవడ ఎముక చెవి చేరిన కథ

తెలుగు బోధించు మేము జంతుశాస్త్రపు పొలిమేర దాటి వచ్చుటకు కారణము రెండు పదములు. ఒకటి క్షీరదము, రెండవది సరీసృపము. “క్షీరదములు సరీసృపముల నుండి పుట్టినవి” అను వాక్యము పాత పాఠ్యగ్రంథములలో విరివిగా కానవచ్చును. దానిని యథాతథముగా వల్లించి పరీక్షలలో వ్రాయుచున్న విద్యార్థులు నేటికిని కలరు. నేటి శాస్త్రము ఆ వాక్యమును అంగీకరింపదు.

క్షీరదమనగా పాల నిచ్చునది. ఉర్దూ మాధ్యమమున చదివిన మన విద్యార్థులు ‘దూధ్ పిలానేవాలే జాన్వర్’ అని చెప్పుకొందురు, అర్థము ఒక్కటే. ఈ నామకరణము చక్కనిదే గాని, ప్రాచీన చరిత్ర తెలిసికొనగోరు వారికి ఇందొక చిక్కు కలదు. పాలు శిలాజము కావు. కోట్ల సంవత్సరముల క్రితము మరణించిన జంతువు తన పిల్లకు పాలిచ్చెనో లేదో రాయి చెప్పజాలదు. రాతిలో మిగులునవి ముఖ్యముగా ఎముకలు, దంతములు. అందుచేత శాస్త్రజ్ఞులు క్షీరదముల పుట్టుకను పాలలో గాక దవడలో వెదకిరి.

సుమారు 32 కోట్ల సంవత్సరముల క్రితము, పూర్తిగా నేలపై జీవింప నేర్చిన వెన్నెముక గల జంతువులు రెండు శాఖలుగా చీలినవి. ఒక శాఖ నుండి బల్లులు, పాములు, తాబేళ్లు, మొసళ్లు, డైనోసారులు, పక్షులు వచ్చినవి. రెండవ శాఖ సినాప్సిడులు. మనము ఈ రెండవ శాఖకు చెందినవారము. కాబట్టి సరీసృపములు మనకు తల్లిదండ్రులు కావు, దాయాదులు. సినాప్సిడుల గుర్తు పుర్రెపై కంటిగుంట వెనుక ఇరుప్రక్కల నుండు ఒక్కొక్క రంధ్రము. విద్యార్థులు కణతలపై వ్రేళ్లుంచి పండ్లు గట్టిగా కొరికి చూడవలెను. చర్మము క్రింద ఉబ్బు కండరము ఆ ప్రాచీన రంధ్రపు చోటనే నేటికిని పని చేయుచున్నది.

పిల్లల బొమ్మల పుస్తకములలో వీపున తెరచాప వంటి రెక్క గల డైమెట్రోడాన్ అను మృగమును డైనోసారుల నడుమ చిత్రింతురు. ఇది పొరపాటు. 1878లో అమెరికా శాస్త్రజ్ఞుడు కోప్ పేరిడిన ఆ జంతువు సినాప్సిడు. డైనోసారులు పుట్టుటకు సుమారు నాలుగు కోట్ల సంవత్సరములు ముందే అది అంతరించినది. బల్లి పోలిక యెంత ఉన్నను బంధుత్వమున అది మనకే దగ్గర.

ఇక అసలు విషయము. బల్లి క్రింది దవడ అనేక ఎముకల కూర్పు. దాని చెవిలో ధ్వనిని చేరవేయు ఎముక ఒక్కటే. మన క్రింది దవడలో ఇరువైపుల దంతములను మోయు ఎముక తప్ప వేరొకటి లేదు. చెవిలో మాత్రము మూడు ఎముకలు గలవు. అవి కూటకము, దాగలి, కర్ణాంతరాస్థి. ఈ మూడవది గుఱ్ఱపు జీను అంకవన్నె వలె నుండును. రకాబు అన్నచో ఉర్దూ విద్యార్థులు వెంటనే గ్రహింతురు. దవడలో తగ్గినవి, చెవిలో పెరిగినవి. ఈ రెండింటికి సంబంధ మున్నదా?

ఉన్నదని 1837లోనే జర్మను శాస్త్రజ్ఞుడు రైఖర్ట్ కనుగొనెను. పంది పిండములను పరిశీలించి, చెవిలోని కూటకము, దాగలి మొదట దవడ ప్రాంతమున ఏర్పడుననియు, అవి సరీసృపముల దవడ కీలులోని రెండు ఎముకలకు సమానములనియు ఆయన చూపెను. డార్విన్ గ్రంథము వెలువడుటకు ఇరువది రెండేండ్ల ముందు మాట ఇది. శిలాజముల సాక్ష్యము తరువాత వచ్చినది.

ఇచట బుద్ధిమంతుడైన విద్యార్థి తప్పక వేయు ప్రశ్న యొకటి కలదు. కీలు ఎముకలు చెవికి తరలిపోవుచుండగా ఆ జంతువు నమలుట యెట్లు? సగము ఊడిన కీలుతో ప్రాణి బ్రతుకునా? ఈ ప్రశ్నను దాటవేయు గురువు ఆ విద్యార్థికి అన్యాయము చేసినవాడగును. సమాధానము దక్షిణాఫ్రికా శిలలలో దొరకినది. సైనోడాంటులను సినాప్సిడులలో దంతములు మోయు ఎముక తరతరముల కొలది పెరిగి, వెనుకటి ఎముకలు చిన్నవైనవి. తుదకు పెరిగిన ఎముక పుర్రెను తాకి, పాత కీలు ప్రక్కనే క్రొత్త కీలును ఏర్పరచినది. ఈ స్థితిలోనున్న ఒక జంతువునకు 1958లో డయార్థ్రోగ్నాథస్ అని పేరిడిరి. జంటకీళ్ల దవడ గలది అని ఆ పేరునకు అర్థము. వేల్సు దేశమున లభించిన, ఇరువది కోట్ల సంవత్సరములు పైబడిన మార్గనుకోడాన్ అను చుంచెలుక వంటి ప్రాణికిని రెండు కీళ్లు కలవు. క్రొత్తది బరువు మోయుచుండగా పాతది నమలు భారము నుండి క్రమముగా విడివడి, ముందు నుండియు కొంత చేయుచున్న ధ్వని గ్రహణమునకే పరిమితమైనది. ఏ తరమునను దవడ పని ఆగలేదు.

ఇంతకంటె ఆశ్చర్యకరమైన సాక్షి నేడును సజీవముగా నున్నది. అపోసమ్ అను సంచి జంతువు పిల్ల పుట్టినపుడు దాని దవడ ఇంకను ఆ ప్రాచీన కీలుపైననే ఆడును. దానితోనే పాలు త్రాగును. కొన్ని వారములకు గాని క్రొత్త కీలు సిద్ధము కాదు.

వెచ్చని రక్తము, రోమములు, నమలుచునే శ్వాసించుటకు వీలిచ్చు ద్వితీయ అంగిలి, విభిన్నాకృతి గల దంతములు – వీని చరిత్రయు దీర్ఘమే. ఈ వ్యాసమున వానికి చోటు చాలదు. 25 కోట్ల సంవత్సరముల క్రితము సంభవించిన మహావినాశమున జీవజాతులలో అత్యధికము నశించినను, కొన్ని సినాప్సిడులు మిగిలినవని మాత్రము చెప్పుదుము. అట్లు మిగిలిన లిస్ట్రోసారస్ ఎముకలు దక్షిణాఫ్రికాలోను, బెంగాలులోని రాణీగంజ్ ప్రాంతమునను, 1969లో అంటార్కిటికాలోను దొరకి, ఈ భూభాగములు ఒకప్పుడు కలిసియుండెనని నిరూపించుటకు తోడ్పడినవి.

ఈ కథ పరదేశములది మాత్రమే కాదు. ప్రాణహిత–గోదావరి లోయ శిలలు సినాప్సిడులకు పుట్టినిల్లు వంటివి. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని కుందారము వద్ద ఎండోథియోడాన్ అను శాకాహారి ఎముకలు లభించినవి; దాని సజాతులు ఆఫ్రికాలోను ఉన్నవి. ఎర్రపల్లి పేర పిలువబడు ఎర్రమట్టి స్తరములలో దొరకిన మరియొక శాకాహారికి 1970లో, భూగర్భశాస్త్రజ్ఞుడు వాడియా గౌరవార్థము, వాడియాసారస్ అని పేరిడిరి. ఇవి మన సూటి పూర్వీకులు కావు. పెదతండ్రి సంతతి యనదగినవి.

వానికంటె పైనున్న కోట స్తరములలో అసలైన క్షీరదపు దంతము లభించినది. దానిని 1981లో పి. ఎం. దత్తా వర్ణించి, భారత పౌరసత్వము స్వీకరించి మన దేశముననే కన్నుమూసిన జీవశాస్త్రజ్ఞుడు హాల్డేన్ స్మృతికి కోటథీరియం హాల్డేనై అని నామకరణము చేసెను. అవే స్తరముల నుండి వెలికి తీసిన కోటసారస్ అను డైనోసారు అస్థిపంజరము హైదరాబాదు బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో నిలిచియున్నది. విద్యార్థులు దాని యెత్తు చూచి అబ్బురపడుచుందురు. ఆ మహాకాయుని కాళ్ల సందున తిరుగాడిన వారిలో మన దాయాదియు నుండెను. వానిలో మనకు దక్కినది ఆవగింజ వంటి దంతమే.