కొటేషన్ పంపే ముందు

హైదరాబాద్

చిరంజీవి కన్నాకి,

మంగళగిరి చేనేత చీరల దుకాణానికి వెబ్‌సైట్ చేసే పని నీకు వచ్చిందని అక్క చెప్పింది. చాలా సంతోషం. ఎస్ఈఓ (సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్) మనం చేయాలా, డిజిటల్ మార్కెటింగ్ వాళ్లకు వదిలేయాలా అని అడిగావు. గూగుల్ చదవగలిగేలా సైట్ కట్టడం నీ పనే, దానికి వేరే డబ్బు అడగకు. సైట్ లేచాక ర్యాంకు కోసం నెలనెలా చేసే పని వేరు, దాన్ని ఊరికే ఒప్పుకోకు.

ఆ దుకాణదారు సైట్ చేయించుకునేదే, ఊరు తెలియని కొనుగోలుదారు వెతికినప్పుడు దొరకాలని. ఎస్ఈఓ అన్న మాట ఆయనకు తెలియకపోవచ్చు. అడగలేదు కదా అని వదిలేస్తే, ఆయన డబ్బు పెట్టింది దేనికో అదే ఆయనకు అందదు.

నీ వంతు పని ఇది. ప్రతి పేజీకీ దాని సంగతి చెప్పే టైటిల్ పెట్టు. అన్నిటికీ 'హోమ్' అని వదిలేయకు. 'నిజాం అంచు మంగళగిరి కాటన్ చీరలు' అని వెతికే మనిషికి ఆ మాటలే టైటిల్‌లోనూ హెడ్డింగ్‌లోనూ కనబడాలి. చీరల ఫొటోలకు, వాటిలో ఏముందో చెప్పే ఆల్ట్ టెక్స్ట్ రాయి. చూపు లేనివాళ్ల స్క్రీన్ రీడర్లు చదివేదీ దాన్నే. ఫొటోగ్రాఫర్ ఇచ్చిన పెద్ద ఫైళ్లను అలాగే ఎక్కించకు. పేజీలోని ముఖ్యభాగం 2.5 సెకన్లలోపు తెర మీదికి రావాలన్నది గూగుల్ పెట్టిన కొలత. మెటా కీవర్డ్స్ నింపడానికి మాత్రం పొద్దు పుచ్చకు. ర్యాంకింగ్‌కు దాన్ని వాడడం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

మన భాషలో సైట్ చేసేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. దుకాణదారు నీకిచ్చే తెలుగు వివరాలు బహుశా డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించినవై ఉంటాయి. కంటికి తెలుగులా కనిపించినా వాటి వెనక ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే. వాటిని అలాగే పెడితే 'చీర' అని వెతికినవాళ్లకు ఆ పేజీ దొరకదు. పాంప్లెట్‌ను ఫొటో తీసి పెట్టినా లాభం అంతంతే. మొత్తం యూనికోడ్‌లోకి మార్చు, మార్చాక అచ్చుతప్పులు దిద్దు. ఈ శ్రమకు పట్టే సమయాన్ని ముందే లెక్కలో వేసుకో.

'ముందు సైట్ లేపేద్దాం, ఎస్ఈఓ తర్వాత చూద్దాం' అని నీ స్నేహితులు అంటారు. తర్వాత పేజీల అడ్రసులు మార్చాలంటే పాత అడ్రసు ప్రతిదానికీ, కొత్తదానికి మళ్లించే 301 రీడైరెక్ట్ పెట్టాలి. ఒక్కటి మరిచినా అప్పటికే వాట్సాప్‌లో తిరుగుతున్న లింకు చచ్చిపోతుంది. హెడ్డింగుల వరస టెంప్లేట్‌లోనే తప్పితే వందల పేజీల్లో తప్పుతుంది. అందుకే కట్టేటప్పుడే చేయమంటున్నాను. ఇంకో సంగతి, వర్డ్‌ప్రెస్‌లో చేస్తే రీడింగ్ సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజిన్లను రావద్దనే టిక్ ఒకటి ఉంటుంది. పని నడుస్తున్నప్పుడు పెట్టిన ఆ టిక్ తీయకుండా సైట్ అప్పగిస్తే, ఎంత అందంగా కట్టినా గూగుల్‌లో రాదు. అప్పగించే రోజు ముందుగా చూడాల్సింది అదే.

ఇక రెండో భాగం. జనం ఏ మాటలతో వెతుకుతున్నారో నెలనెలా చూడటం, కొత్త వ్యాసాలు రాయించడం, ఇతర సైట్ల నుంచి లింకులు సంపాదించడం ఎప్పటికీ తెగని పని. చేయగలననుకుంటే నెలవారీ రేటు విడిగా రాయి, లేకపోతే చేయనని రాయి. లింకులు కొనిపెడతామని ఎవరైనా వస్తే ఒప్పుకోకు. అలా లింకులు కొన్న సైట్లను కిందికి తోయడానికి గూగుల్ 2012లో పెంగ్విన్ అప్‌డేట్ తెచ్చింది. 'మొదటి స్థానంలో నిలబెడతాను' అన్న మాట నీ నోట రాకూడదు. మొదటి ర్యాంకుకు ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే చెబుతోంది. ఆ మాటతో పని దక్కించుకుంటే, మూడు నెలల తర్వాత ఆయన మొహం చూడలేవు.

కాబట్టి కొటేషన్‌లో రెండు శీర్షికలు పెట్టు: సైట్ ధరలోనే కలిసి వచ్చేవి, విడిగా చెల్లించాల్సినవి. ఒక్కొక్కటీ ఆయనకు అర్థమయ్యే తెలుగులో రాయి. గూగుల్ సెర్చ్ కన్సోల్‌ను ఆయన జీమెయిల్‌తోనే తెరిచి, సైట్‌మ్యాప్ అందులో ఇచ్చి, ఎంతమంది వెతికి వచ్చారో చూడటం దగ్గర కూర్చుని నేర్పించు. రేపు నువ్వు ఆ పని మానేసినా సైట్ మీద పెత్తనం ఆయన చేతిలోనే ఉండాలి. చిన్న వ్యాపారి మనల్ని నమ్మి డబ్బు ఇస్తున్నాడు, ఆ నమ్మకానికి తగ్గ పని చేయాలి నాన్నా.

కొటేషన్ రాశాక ఒకసారి నాకు పంపు, చూసి చెబుతాను. అమ్మనూ బావగారినీ అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ పిన్ని