ఒక్క బొమ్మ చాలు

కోయంబత్తూరు, మదురై తెలుగిళ్ళ పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బ్యాంకు పరీక్షలో ఇంగ్లీషు. మూడింటినీ మోయగల మనవళ్ళు, ఇచ్చిన వాక్యాల నుంచి ఏ నిర్ణయం నిలుస్తుందో తేల్చమనే సిలాజిజం అనగానే బెదిరిపోతారు. వాళ్ళకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

1. ప్రశ్నలో ఇచ్చిన మాట ఒప్పుకోండి. "పీలమేడు మిల్లులన్నీ మదురైలో ఉన్నాయి" అని చూడగానే కోయంబత్తూరు బిడ్డకు మనసొప్పదు. అక్కడ అడిగేది ఊరి సంగతి కాదు నాయనా. ఆ మాట నిజమనుకుంటే ఇంకేది నిజమై తీరాలో చెప్పమంటున్నారు.

2. 'అందరూ'ను తిరగేయకండి. మదురైను ఏలిన నాయకరాజులు అందరూ తెలుగువాళ్ళు. అంతమాత్రాన తెలుగువాళ్ళందరూ నాయకరాజులైపోరు, కొందరు అయ్యారనగలం. 'కొందరు', 'ఎవరూ కారు' తిరగేసినా నిలుస్తాయి. 'కొందరు కారు' నిలవదు.

కొందరిని అందరూ చేయడం ఇంకా పెద్ద తప్పు. నాయుళ్ళలో కొందరికి మిల్లులున్నాయని నాయుళ్ళందరూ కలవారే అనేవాళ్ళను చాలామందిని చూశాను. ఆ మిల్లుల్లో రాత్రి షిఫ్టు చేసినవాళ్ళలోనూ నాయుళ్ళున్నారు. పరీక్షలో పోయేది మార్కు, బయట పోయేది న్యాయం.

3. అన్నంభట్టును తెలుసుకోండి. మదురైలో తిరుమల నాయకుడు మహలు కట్టించిన 17వ శతాబ్దంలోనే ఈ ఆంధ్ర పండితుడు 'తర్కసంగ్రహం' రాశాడు. అందులో వాదం ఇలా సాగుతుంది: కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ ఉంది. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లో లాగా. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది, కాబట్టి నిప్పుంది. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం: ఐదు మెట్లు. మరి నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనుపగుండును చూపి తార్కికులు కాదన్నారు. నిప్పుంది, పొగ లేదు. ఎదురు ఉదాహరణ ఒక్కటి దొరికితే ఆ సూత్రం కూలినట్టే. నాకు ఈ శాస్త్రంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

4. వలయాలు గీయండి. ఒక్కో గుంపుకు ఒక్కో వలయం, జాన్ వెన్ 1880లో చూపిన దారి. ఇచ్చిన వాక్యాలకు తగ్గట్టు బొమ్మ వేసి, నిర్ణయాన్ని చెడగొట్టే ఇంకో బొమ్మ కోసం వెతకండి. ఒక్కటి వచ్చినా ఆ నిర్ణయం నిలవదు. 'అవకాశం ఉందా' అని అడిగితే లెక్క తిరగబడుతుంది: నిర్ణయం నిలిచే బొమ్మ ఒక్కటి చాలు. చాలామంది పిల్లలు తమకు అనుకూలమైన మొదటి బొమ్మ దగ్గరే ఆగిపోతారు.

5. రెండు వాక్యాలూ 'కొందరు' అయినా, రెండూ 'కారు' అయినా వాటిని కలిపి ఏమీ తేల్చలేం.

6. 'మాత్రమే' దగ్గర ఆగి, వాక్యాన్ని మనసులో ఇంటి మాటలో చెప్పుకోండి. "తెలుగువాళ్ళు మాత్రమే ఈ సంఘంలో సభ్యులు" అంటే సభ్యులందరూ తెలుగువాళ్ళని. తెలుగువాళ్ళందరూ సభ్యులని కాదు. "కొందరు మాత్రమే సభ్యులు" అంటే కొందరు అవును, కొందరు కాదు. రెండూ రాసుకున్నాకే వలయం గీయండి.